గిన్నెడు అన్నం, గిన్నెడు గోరుచిక్కుడు

పుట్టి బుద్ధెరిగిన నాటినుంచీ వరి పండిస్తున్నవాణ్ణి పట్టుకుని అన్నం మానెయ్యమంటే ఎలా ఉంటుందో, వరి పండించని వాళ్ళకి చెప్పినా తెలియదు. నాకైతే సొంత కొడుకు కోర్టు బోనెక్కి నామీదే సాక్ష్యం చెప్పినట్టనిపించింది. ఆ రోజు రాయచూరు ఆసుపత్రిలో నేను చాలా గొడవ చేశాను. గొడవ చేసి ప్రయోజనం లేదని అప్పుడే తెలుసు. అయినా చేశాను. నా స్వభావం అంతే.

మా నాన్న తణుకు దగ్గర ఉన్న కాస్త పొలం అమ్ముకుని, తుంగభద్ర ఎడమ కాలవ కింద మాన్వి వైపు నల్లరేగడి కొన్నాడు. తుమ్మలు కొట్టించి, మడులు కట్టి, నీళ్ళు పెట్టి నాట్లు వేశాడు. ఆయనతో వచ్చిన వాళ్ళెవరికీ ఊరికి పేరు పెట్టే తీరిక లేకపోయింది. క్యాంపు అన్నారు, ఇప్పటికీ క్యాంపే. చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు జొన్నరొట్టె తింటే మేం పొద్దున చద్దన్నం, మధ్యాహ్నం వేడన్నం, రాత్రి మళ్ళీ అన్నం తిన్నాం. ఇన్నేళ్ళయినా మా క్యాంపు ఆడవాళ్ళకి రొట్టె తట్టడం రాలేదు. నేర్చుకోవాలని ఎవరికీ అనిపించలేదు కూడా. అన్నం ఉన్న ఇంట్లో రొట్టె ఎందుకని మా అమ్మ అనేది.

నాకు షుగరు వచ్చి చాలా కాలమైంది. మాత్రలు మింగుతూ, దాని మానాన దాన్ని ఉండనిచ్చాను. నిరుడు కోతలయ్యాక చేలో చెప్పుల్లేకుండా నడుస్తుంటే కుడికాలి బొటనవేలి పక్కవేలికి వరిమోడు దిగింది. మోడు గుచ్చుకోవడం మాకు కొత్త కాదు. పసుపు పెట్టి గుడ్డ కట్టుకుంటే నాలుగు రోజుల్లో మానేది. ఈసారి నెల దాటినా మానలేదు. వేలు వాచి, రంగు మారింది.

రాయచూరు డాక్టరు ఆ వేలు చూసి తల అడ్డంగా ఊపాడు. ఆయన ఆ ఊళ్ళో తరాలుగా ఉంటున్న తెలుగువాళ్ళ అబ్బాయే.

"చూడుండ్రి పెద్దాయనా, మందు పుండుకు కాదు, మీ షుగరుకు పెట్టాలె. షుగరు దిగకుంటే గిది మానదు. మూడు నెలలు చూస్తా. మూడు నెలల సగటు చెప్పే పరీక్ష ఒకటుంది, అది చేయిస్తా. అప్పటికీ గిట్లనే ఉంటే వేలు తియ్యాల్సి వస్తది. ఒక్క వేలుతోని ఆగితే మంచిదే."

అని నన్ను పక్కగదికి పంపాడు. అక్కడ తిండి గురించి చెప్పే ఒక అమ్మాయి ఉంది. నా మనవరాలి కంటే నాలుగైదేళ్ళు పెద్దదేమో. ఆమె బల్లమీద ఒకే కొలత ఉన్న రెండు గిన్నెలు పెట్టింది. ఒకదాన్నిండా అన్నం, ఒకదాన్నిండా ఉడికించిన గోరుచిక్కుడు.

"రెండూ ఒకటే గిన్నె కదా అంకుల్. లోపల ఏముందో చెప్తా వినుండ్రి," అంది.

అన్నం గిన్నెలో నీళ్ళు తీసేస్తే మిగిలేది దాదాపు అంతా పిండేనట. మరలో పాలిష్ పట్టినప్పుడే పైపొర, దానితోపాటు పీచు, విటమిన్లు తవుడులో పోయాయట. మనం తినే తెల్లన్నం కడుపులో పడగానే కరిగి చక్కెరగా మారి నెత్తురులోకి దూకుతుందట. గోరుచిక్కుడు గిన్నెలో ఎక్కువ భాగం నీళ్ళు, తర్వాత పీచు. పిండి చాలా కొద్ది. ఇనుము, సున్నం, ఫోలేటు అన్నంలో కంటే చాలా ఎక్కువ. పైగా దాని గింజలో ఒక జిగురుంటుందట, అది కడుపులో మెల్లగా కదులుతూ చక్కెరని తొందరగా నెత్తురులోకి పోనివ్వదట.

"అన్నంల బలం లేదని కాదు. బలం ఉంది, అదే మీకు ఇప్పుడు పరేషానీ," అంది ఆ పిల్ల.

"అన్నం పరబ్రహ్మ స్వరూపం అన్నారమ్మా మన పెద్దలు," అన్నాను.

"పరబ్రహ్మను జర తక్కువ తినుండ్రి," అంది.

నాకు ఒళ్ళు మండింది. నా పక్కన నిలబడ్డ మా ఆవిడ మాత్రం అన్నీ శ్రద్ధగా వింది. రోజుకి ఒక్కపూట, అదీ ఒక చిన్న గిన్నెడే అన్నం. అది కూడా కుక్కరులో కాకుండా ఎసట్లో ఉడికించి గంజి వార్చెయ్యాలి. గంజితో కొంత పిండి పోతుంది. మిగతా పూట ఒక జొన్నరొట్టె, పెద్దగిన్నె నిండా కూర. మా ఆవిడ తలాడిస్తూ, "గోరుచిక్కుడు రోజూ పెట్టొచ్చా అమ్మా?" అని అడిగింది. పెట్టొచ్చంది. ఇలాంటి ఇల్లాలు ఉండగా నాకేం భయం అనుకున్నాను. నా మొహం!

ఇంటికొచ్చిన మర్నాడే అటకమీది సిబ్బిరేకు కిందకి దిగింది. కుక్కరు వచ్చాక గంజి వార్చడమే మరిచిపోయాం, ఆ చిల్లుల రేకు తుప్పుపట్టి ఉంది. మా ఆవిడ దాన్ని చింతపండుతో తోమి, అన్నం గిన్నెకి మూతపెట్టి వంచి గంజి వార్చింది. ఆ వాసనకి చిన్నప్పటి ఇల్లు గుర్తొచ్చి ప్రాణం లేచొచ్చింది. రొట్టెలు మాన్విలో కొట్టించి తెప్పించుకున్నాం. పెరట్లో నాలుగు సాళ్ళు గోరుచిక్కుడు పెట్టాను. ఎండలకి తట్టుకునే కాయ, ఈ నేలకి బాగా కాస్తుంది.

పగబట్టినట్టు పథ్యం చేశాను. పెళ్ళిళ్ళకి వెళ్ళి పప్పన్నం ముందు కూర్చుని మజ్జిగ తాగి లేచొచ్చాను. తెలిసినవాళ్ళు "ఏమండీ, సోనా మసూరి మాకు పెట్టి మీరు గడ్డి తింటున్నారా?" అని ఎగతాళి చేస్తే నవ్వి ఊరుకున్నాను. పొలంలో బస్తాలు లారీకెక్కుతుంటే వాటివంక చూస్తూ గట్టుమీద నా రొట్టె విరుచుకున్నాను. ఏడుపొచ్చిన రోజులున్నాయి. అయినా గెలుస్తున్నాననే ధైర్యం ఉండేది.

ఆ ధైర్యానికి సగం కారణం మా ఆవిడ చేసే కూర. మొదటి వారం చప్పగా ఉండేది. తర్వాత ఏం చేసిందో, చిక్కగా, కమ్మగా, నాలిక్కి మెత్తగా తగిలే కూర పెట్టడం మొదలెట్టింది. గోరుచిక్కుడుకి ఉండే పసరు, చేదు తెలిసేది కాదు. అది తింటే అన్నం తిన్నట్టే కడుపు నిండేది. "ఇన్నేళ్ళూ ఈ చెయ్యి ఎక్కడ దాచావే?" అన్నాను. ఆవిడ కొంగుతో మొహం తుడుచుకుని నవ్వింది. మళ్ళీ గిన్నె నింపింది. క్యాంపులో ప్రతివాడికీ చెప్పాను, కూరగాయతో కడుపు నింపుకోవడం తెలిస్తే అన్నం అక్కర్లేదని.

మూడు నెలలకి రాయచూరు వెళ్ళాం. పరీక్ష కాగితం చూసిన డాక్టరు మొహం ముడుచుకుంది. షుగరు దిగలేదు సరికదా, కాస్త పెరిగింది. వేలి చివర నల్లబడుతోంది.

"ఏంది పెద్దాయనా, గిట్ల చేస్తే ఎట్ల? బయట ఏం తింటున్నరు? బొరుగుల మండక్కి, మిర్చిబజ్జి? జిలేబి?"

"ఏమీ తినటం లేదు డాక్టరుగారూ. మా తల్లి మీద ఒట్టు."

"కాగితం అబద్ధం చెప్పదు గదా."

నేను మా ఆవిడ వైపు తిరిగాను. ఈవిడ చెబుతుందిలే అనుకున్నాను. మూడు నెలలూ నా నోట్లోకి పోయిన ప్రతి ముద్దా ఆవిడ చేతిదే. ఆవిడ చీర కుచ్చిళ్ళు సర్దుకుంటూ, కిందకి చూస్తూ అంది:

"ఏమోనండీ. ఇంట్లో అయితే మీరు చెప్పినట్టే పెడుతున్నాను. బయట ఏం తింటున్నారో నాకేం తెలుసు?"

డాక్టరు నన్ను దొంగని చూసినట్టు చూశాడు. ఇంకొక్క నెల గడువిచ్చాడు. బస్సులో ఇంటికొస్తున్నంతసేపూ నేను కిటికీవైపే మొహం పెట్టి కూర్చున్నాను. నా మీద ఆవిడకి నమ్మకం లేదనుకున్నాను. అప్పటికి నాకు తోచింది అంతే. అది చాలు, ఆ రాత్రంతా కుమిలిపోవడానికి.

పంతం పట్టి వేలు పొడుచుకుని చూసుకునే మీటరు కొన్నాను. నా నోటిమీద నాకు నమ్మకముంది కాబట్టి తిండినే పరీక్ష పెడదామనుకున్నాను. ఆసుపత్రి పిల్ల పెట్టిన రెండు గిన్నెల పరీక్షే, నా నెత్తురుతో. ఒకరోజు మధ్యాహ్నం గిన్నెడు అన్నం ఒట్టిదే తిన్నాను, మజ్జిగ కూడా లేకుండా. రెండు గంటలాగి పొడుచుకుంటే రెండు వందల అరవై దాటింది. మర్నాడు అదే వేళకి అదే గిన్నె నిండా గోరుచిక్కుడు కూర, రొట్టె కూడా లేకుండా తిన్నాను. రెండు వందల నలభై.

మీటరు పాడయిందనుకున్నాను. మందులకొట్టు వాడి దగ్గరకి తీసుకెళ్తే వాడు తన వేలు పొడిచి చూసుకుని బాగానే ఉందన్నాడు. మరి ఆసుపత్రి పిల్ల చెప్పిందంతా అబద్ధమా? కూరగాయ, అన్నం ఒకటేనా? లేకపోతే నా ఒంట్లోనే ఏదో తిరగబడిందా? చివరికి గోరుచిక్కుడు మీద కూడా కోపం వచ్చింది. నా పెరట్లో కాసిన కాయ కూడా నన్ను మోసం చేస్తోందని, సాళ్ళ మధ్య నిలబడి పైకే తిట్టాను.

ఆ వారంలోనే పని మీద యరగేర వెళ్ళాను. అక్కడ నాకొక పాత స్నేహితుడున్నాడు, పత్తి, కంది వేసే రైతు. ఏటా మా కోతలకి తన మిషను పంపేవాడు. నన్ను చూడగానే లేచి ఎదురొచ్చాడు.

"ఏందన్నా, గిట్ల కుంటుతున్నవ్? రా, కూసో. ఊట చేసి, ఇంత తిని పోవాలె."

"నా తిండి నీ ఇంట్లో దొరకదు తమ్ముడూ. నాకు రొట్టె, గోరుచిక్కుడు తప్ప ఏదీ లేదు."

వాడు పకపకా నవ్వాడు. "మా ఇంట్ల దొరికేదే అది గదా! గోకరకాయ కూర, జొన్నరొట్టె. దానికి నువ్వు గింత మొహం చేస్తివి."

వాడి భార్య వేడిగా రెండు రొట్టెలు తట్టి పెట్టింది. కూర పొడిపొడిగా, పల్లీపొడి చల్లి, నాలిక్కి కాస్త గరుకుగా ఉంది. నా ఇంట్లో తినే కూరకీ దీనికీ పోలికే లేదు. మూడు నెలల్లో మొదటిసారి గోరుచిక్కుడు రుచి నాకు తెలిసింది. అంతలా తెలిసినా నా బుర్రకి ఏమీ తట్టలేదు. రెండు గంటలు వాడితో మాట్లాడుతూ కూర్చుని, జేబులోంచి మీటరు తీసి పొడుచుకున్నాను. నూట డెబ్భై. రెండు రొట్టెలతో కలిపి.

వాడు నా భుజం మీదనుంచి తొంగిచూశాడు. సంగతంతా చెప్పాను.

"అదే కాయ, అదే మనిషి. ఇక్కడ దిగె, అక్కడ ఎక్కె. అన్నా, తప్పుగా అనుకోకు. మీ ఇంట్ల కూరల ఏం కలుపుతుండ్రో జర చూసుకో."

"మా ఆవిడని అంటున్నావా?"

"నేనెవర్నీ అంటలేను. గిన్నెను అంటున్న."

వాడిమీద నాకు కోపం వచ్చింది. అన్నం పెట్టిన చేతిని అనుమానించమంటాడా అని, చెప్పకుండానే లేచి బస్సెక్కాను. దారిలో మట్మారి దాటేవరకూ వాణ్ణి తిట్టుకున్నాను. అక్కణ్ణుంచి తిట్లు తగ్గాయి. నాలుక మీద ఆ గరుకు ఇంకా ఉంది.

మర్నాడు పొద్దున పొలానికి వెళ్తున్నానని చెప్పి బయల్దేరాను. మా ఆవిడ ఎసరు పెట్టే వేళకి వెనక్కి వచ్చాను. పెరటి గుమ్మంలోంచి వంటిల్లు కనిపిస్తుంది. ఆవిడ అన్నం గిన్నెకి సిబ్బిరేకు మూసి, బట్టతో పట్టుకుని వంచింది. కుక్కరు రాకముందు గంజి గేదె కుడితిలో పోసేవాళ్ళం. నా కాలు బాగాలేక ఉన్న గేదెనీ అమ్మేశాం. ఇప్పుడు గంజి తూములోకి పోతోందని నేననుకుంటున్నాను. తూములోకి పోలేదు. పొయ్యిమీద ఉడుకుతున్న గోరుచిక్కుడులోకి పోయింది, చుక్క కూడా వదలకుండా. తర్వాత ఆవిడ రెండు గుప్పిళ్ళ అన్నం తీసి, పప్పుగుత్తితో మెత్తగా మెదిపి, అందులో కలిపి గరిటె తిప్పింది. పాలు పోసింది. పైన ఇంగువ పోపు.

ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. నేను పట్టుకున్నాను. పట్టుకున్నందుకు సంతోషం ఒక్క పిసరు కలగలేదు. పెరటి గుమ్మం దాటి లోపలికొచ్చాను.

"ఎన్నాళ్ళనుంచి?" అన్నాను.

ఆవిడ ఉలిక్కిపడి గరిటె వదిలేసింది. మొదట గంజేగా అంది. గంజి అన్నం కాదుగా, నీళ్ళేగా, పారబోస్తే లక్ష్మి పోతుందిగా అంది. మెదిపిన అన్నం సంగతేమిటన్నాను. అప్పుడు కూలబడి ఏడ్చింది.

"మీ పక్కటెముకలు తేలిపోతుంటే నేను చూడలేకపోయానండీ. చొక్కాలన్నీ వదులైపోయాయి. పెళ్ళింట్లో మా అన్నయ్య అందరిముందూ ఏమన్నాడో తెలుసా? ఊరందరికీ బియ్యం అమ్ముకుని మొగుణ్ణి ఎండబెడుతున్నావన్నాడు. అంత మాట పడ్డాక నా చేత్తో మీకు ఒట్టి కాయలెలా పెట్టను? కాస్త గంజి పడితే బలంగా ఉంటారనుకున్నాను. చెబితే మీరు తినరుగా."

అందులో అబద్ధం లేదు. ఆవిడకి అన్నమంటే ప్రాణం. మా ఇళ్ళలో జ్వరమొస్తే గంజి, బాలింతకి గంజి, ముసలివాళ్ళకి గంజి. అన్నం లేకుండా మనిషి బతుకుతాడని మా వాళ్ళెవరూ నమ్మరు. నేనూ నమ్మలేదుగా, ఆసుపత్రి పిల్లతో గొడవపడ్డానుగా. గిన్నెలో అన్నం కనిపిస్తేనే అన్నం, కూరలో కరిగితే కూర అనుకోవడం మా క్యాంపులో ఏ ఇల్లాలికైనా సాధ్యమే. అంతవరకూ నేను క్షమించగలను. క్షమించాను కూడా.

"సరే, గంజి సంగతి వదిలెయ్. డాక్టరు ముందు ఆ మాటెందుకన్నావు?"

"ఏ మాట?"

"బయట ఏం తింటున్నారో నాకేం తెలుసు అన్నావే, ఆ మాట."

ఏడుపు ఆగిపోయింది. పొయ్యిమీద కూర అడుగంటిన వాసన వస్తోంది. ఆవిడ లేవలేదు, నేనూ పొయ్యి కట్టెయ్యలేదు. కొంగుతో ముక్కు తుడుచుకుని, "భయమేసిందండీ," అంది. ఎవరంటే భయమని నేను అడగలేదు. భయపడ్డ మనిషి నోరు మూసుకుంటుంది. ఆవిడ నోరు తెరిచి నన్ను ముందుకి తోసింది. నలభై ఏళ్ళు కలిసి బతికిన మనిషి, ఒక డాక్టరు కోప్పడతాడని నన్ను దొంగని చేసింది. కంచే చేను మేస్తే ఇక ఎవరికి చెప్పుకోవాలి?

ఆ రోజునుంచీ నీళ్ళతోనే వండింది. షుగరు దిగడం మొదలుపెట్టింది. కానీ వేలు మా కోసం ఆగలేదు. గడువు తీరేలోపే తీసేశారు. కట్టు కట్టి పడుకోబెట్టాక డాక్టరు మంచం దగ్గరికొచ్చి, మంచిగానే అన్నాడు:

"పోయింది పోయింది పెద్దాయనా. ఇప్పుడన్నా బయట తిండి బంద్ చెయ్యుండ్రి. ఈ తల్లి ఇంట్ల అంత కష్టపడి చేసి పెడుతుంటే, మీరు బయట గల్తీ చేస్తే ఏం లాభం?"

మా ఆవిడ మంచం అవతల నిలబడి ఉంది. నేను ఆవిడ మొహంలోకి చూశాను. ఇప్పుడు చెబుతుందనుకున్నాను. ఒక్క మాట చాలు. ఆయనది తప్పు కాదండీ, నాది అని. డాక్టరు కోప్పడినా ఇప్పుడు పోయేదేముంది? వేలెటూ పోయింది. ఆవిడ సెలైన్ సీసా వంక చూసింది. దుప్పటి సర్దింది. "వింటున్నారా?" అంది నాతో, నెమ్మదిగా. "ఇకనైనా డాక్టరుగారు చెప్పినట్టు వినండి."

నేను వింటానన్నాను.

ఇప్పుడు చెప్పుల్లేకుండా చేలో దిగను. బియ్యం బస్తాలు లారీ ఎక్కుతుంటే ఇదివరకటంత దిగులుగా ఉండదు. మధ్యాహ్నం మా ఆవిడ గోరుచిక్కుడు కూర వడ్డిస్తుంది. పొడిపొడిగా, గరుకుగా, పల్లీపొడి చల్లి, యరగేర వాళ్ళలాగే చేయడం నేర్చుకుంది. వడ్డిస్తూ ప్రతిరోజూ, "ఒట్టి నీళ్ళతోనే వండానండీ," అంటుంది. నేను తింటాను. బాగుందంటాను. రెండు గంటలయ్యాక ఆవిడ ఎదురుగానే కూర్చుని వేలు పొడుచుకుంటాను. ఆవిడ చెప్పింది నిజమేనని మీటరు చెబుతుంది. ఇద్దరం ఆ అంకె చూస్తాం. మర్నాడు మళ్ళీ పొడుచుకుంటాను.